ఆన్‌లైన్ కోర్సుకు ముందు ఇల్లు ఒప్పుకోవాలి

ఆన్‌లైన్‌లో చదువు మొదలుపెట్టే పిల్లలకు అందరూ ఇచ్చే సలహా ఒకటే. క్రమశిక్షణ ఉండాలి. టైమ్‌టేబుల్ వేసుకో, వాట్సాప్ మూసెయ్, రోజుకు రెండు గంటలు కూర్చో. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మాట చెప్పేవాళ్లలో చాలామంది మామూలు కాలేజీలో చదువుకున్నవాళ్లు. అక్కడ వాళ్లను చదివించింది వాళ్ల క్రమశిక్షణేనంటే నేను నమ్మను. గంట కొడతారు కాబట్టి వెళ్లారు. హాజరు తగ్గితే హాల్‌టికెట్ ఆపుతారు కాబట్టి కూర్చున్నారు. పక్క బెంచీవాడు రికార్డు పూర్తి చేశాడని తెలిసి ఆ రాత్రికి రాత్రి వీళ్లూ పూర్తి చేశారు. సగం పని కాలేజీయే చేసిపెట్టింది. అది చేసిపెట్టిందన్న సంగతి కూడా వీళ్లకు గుర్తు లేదు.

ఆన్‌లైన్ కోర్సులో పాఠం దొరుకుతుంది. మంచి పాఠమే దొరుకుతుంది, మన ఊరి కాలేజీలో ఎన్నడూ దొరకనంత మంచిది. గంట, బెంచీ, పక్కవాడు, "నిన్న ఎందుకు రాలేదు" అని అడిగే మనిషి మాత్రం దొరకరు. మొదటి వారంలో విద్యార్థి చేసుకోవాల్సింది వీటి ఏర్పాటే అని నా వాదన. అందులోనూ ముందుగా కుదుర్చుకోవాల్సింది ఇంట్లోవాళ్లతో. వీడియోలు ఎక్కడికీ పోవు.

మా అక్క కూతురు నల్లగొండలో బీకాం చదువుతోంది. పోయినేడు ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్, డేటా సైన్స్ కోర్సులో చేరతానంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఇది 2020లో బీఎస్సీగా మొదలై, 2022లో నాలుగేళ్ల బీఎస్ అయింది. జేఈఈ అక్కర్లేదు. ముందు నాలుగు వారాల పాఠాలు ఇస్తారు: గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటేషనల్ థింకింగ్, ఇంగ్లీషు. వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి. వాటిలో కనీస మార్కులు తెచ్చుకుంటేనే క్వాలిఫయర్ పరీక్ష రాయనిస్తారు. పాఠాలు ఇంట్లోనే, పరీక్ష మాత్రం సెంటర్‌కు పోయి రాయాలి. అది గట్టెక్కితే ఫౌండేషన్, తర్వాత డిప్లొమా, తర్వాత డిగ్రీ. మధ్యలో ఎక్కడ ఆగినా అక్కడి వరకు సర్టిఫికెట్ ఉంటుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో 75 శాతం వరకు రాయితీ ఉంది. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి ఒప్పుకుంది కాబట్టి బీకాం మానేయాల్సిన పని కూడా లేదు.

ఇవన్నీ పిల్ల తనే వెతికి తెలుసుకుంది. నాకు ఫోన్ చేసింది కోర్సులో చేరడం గురించి కాదు.

"చిన్నమ్మా, లాగిన్ అయిన. వీడియోలు మంచిగున్నయి. కానీ ఒక్కటన్న పూర్తిగ చూస్తలేను" అంది.

"ఎందుకు బిడ్డా, అర్థమైతలేవా?"

"అర్థమైతున్నయి. ఇంట్ల చూడనిస్తలేరు."

ఆ ఆదివారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను కాబట్టి సంగతి కళ్లారా చూశాను. ముందు గదిలో దివాన్ మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో పాఠం వింటోంది. వంటింట్లోంచి మా అక్క కేకేసింది: "ఫోన్ పట్టుకొనే కూసున్నవ్ గదా, జర పాలు పొంగకుంట చూడు." పిల్ల లేచి వెళ్లి స్టవ్ ఆపి వచ్చింది. పది నిమిషాలకు గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చాడు, ఓటీపీ ఈ ఫోన్‌కే వచ్చింది. తర్వాత బావ చొక్కా ఇస్త్రీకి ఇవ్వాలి. తర్వాత పక్కింటావిడ వచ్చి, ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ అయిందో లేదో కాస్త చూడమంది. పిల్ల ఒకసారి "క్లాసు ఉన్నదమ్మా" అంది. మా అక్క ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "క్లాసు ఆపితే ఆగుతది గదా!"

నిజమే, ఆగుతుంది. ఆన్‌లైన్ చదువును అమ్మేవాళ్లు గొప్పగా చెప్పుకునేది కూడా అదే: మీకు వీలైనప్పుడు చూడండి, కావాలంటే ఆపి మళ్లీ చూడండి. మరి ఆపే బటన్ ఎవరి చేతిలో ఉంది? హైదరాబాద్‌లో సొంత గది ఉన్న కుర్రాడికైతే అతని చేతిలోనే ఉండొచ్చు. డిగ్రీ చదువుతూ ఇంట్లో ఉండే ఆడపిల్ల విషయంలో ఆ బటన్ ఇంటిల్లిపాది చేతుల్లోనూ ఉంటుంది, పక్కింటావిడతో సహా. పిల్ల కాలేజీకి వెళ్తే మా అక్క ఫోన్ చేసి పాలు చూడమని అడగదు. అక్కడ లెక్చరర్ ఏమీ చెప్పకపోయినా సరే, పిల్ల చదువుకుంటోందని లెక్క. ఇంట్లో ఐఐటీ ప్రొఫెసర్ చెవిలో పాఠం చెబుతున్నా సరే, ఫోన్ చూస్తోందని లెక్క.

మా అక్కను తప్పుపట్టను. ఆమెకు తెలిసిన చదువుకు పుస్తకం ఉంటుంది, బయటికి పోవడం ఉంటుంది, తిరిగి రావడం ఉంటుంది. దివాన్ మీద కూర్చుని ఫోన్‌లోకి చూసే పనికి రీల్స్‌కూ పాఠానికీ బయటినుంచి చూస్తే ఏమీ తేడా లేదు. తేడా కనిపించేలా చేయాల్సింది చదివేవాళ్లే.

ముందు మేం చేసింది, కోర్సు వారాల పట్టికను జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించడం. ఏ తేదీకి ఏ అసైన్‌మెంట్, పరీక్ష ఎప్పుడు, అన్నీ ఒక కాగితం మీద. దాన్ని హాల్లో తెలుగు క్యాలెండర్ పక్కనే అతికించాం. ఇంట్లో చిట్టీ కట్టే తేదీ, సిలిండర్ తేదీ రాసేది ఆ క్యాలెండర్ మీదే కాబట్టి దాని పక్కన ఉన్న కాగితానికి ఎంతో కొంత మర్యాద వస్తుంది. రెండోది, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు అని టైమ్ చెప్పి, ఆ టైములో చేయనివేమిటో పేరు పేరునా చెప్పడం. "చదువుకుంట, నన్ను డిస్టర్బ్ చెయ్యకండి" అంటే ఎవరూ పట్టించుకోరు. "ఏడు తర్వాత పాలు తమ్ముడు చూస్తడు, రొట్టెలు తొమ్మిది తర్వాత నేను చేస్త" అంటే అది ఒప్పందం. తమ్ముడు ఎనిమిదో తరగతి, వాడు గొణిగాడు. గొణగనీ.

మూడోది దివాన్ దిగడం. ఒక కుర్చీ, ఒక బల్ల, ముఖం గోడ వైపు. ఎక్కడ కూర్చుంటే ఏమిటని చాలామంది అంటారు. పడుకునే చోట కూర్చుని గణితం వింటే మనకే నిద్ర వస్తుంది, చూసేవాళ్లకేమో మనం ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇల్లు మరీ ఇరుకైతే జిల్లా గ్రంథాలయానికి వెళ్లడం మేలు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో అక్కడి బల్లలు నిండిపోయి ఉంటాయి. వాళ్ల మధ్య కూర్చుంటే ఎవరూ ఏమీ చెప్పకుండానే రెండు గంటలు గడుస్తాయి.

నాలుగోది, ఆపితే ఆగని క్లాసు. ఇలాంటి కోర్సుల్లో రికార్డు చేసిన వీడియోలే కాకుండా వారానికి కొన్ని లైవ్ క్లాసులు పెడతారు, సందేహాలు తీర్చడానికి. తర్వాత రికార్డింగ్ చూసుకోవచ్చులే అని పిల్లలు వాటిని వదిలేస్తారు. నా మాట వింటే మొదటి వారంలో అన్నిటికన్నా ముందు లైవ్ క్లాసులకే హాజరవ్వాలి. ఇంట్లోవాళ్లకు "ఇప్పుడు సారు మాట్లాడుతున్నడు, ఆపితే పోతది" అని చెప్పుకునే అవకాశం అదొక్కటే ఇస్తుంది.

ఇంత చేసినా మా అక్కకు నమ్మకం కుదిరింది వీటి వల్ల కాదు. ఆ సంగతి చెప్పాలి.

కంప్యూటేషనల్ థింకింగ్ అనే సబ్జెక్టు పేరు వింటే కంప్యూటర్ ఉండాలేమో అనిపిస్తుంది. మాధవన్ ముకుంద్, జి. వెంకటేశ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు చెబుతారు. మొదట్లో వాళ్లు కంప్యూటర్‌ను ముట్టుకోరు. కాగితపు కార్డులు పెట్టుకుని కూర్చుంటారు. ఒక్కో కార్డు మీద ఒక్కో విద్యార్థి పేరు, ఊరు, గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులు. ఇంకో కట్టలో కిరాణా బిల్లుల లాంటివి. కార్డును ఒక కుప్పలోంచి తీయడం, చూడడం, రెండో కుప్పలో వేయడం. ఎక్కువ మార్కులు ఎవరివో కనిపెట్టాలంటే ఏ క్రమంలో ఏం గుర్తుపెట్టుకోవాలి, ఇదీ పాఠం. ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో ఇంత తేటగా చెప్పడం నేను ఇంకెక్కడా చూడలేదు.

"వీడియో చూస్తే అంత అర్థమైనట్టే ఉంటది చిన్నమ్మా, అసైన్‌మెంట్ తీస్తే ఏం రాదు" అంది పిల్ల. అయితే చూడడం ఆపి నువ్వే చెయ్యి అన్నాను. అల్మారా మీద పాత శుభలేఖల కట్ట ఉంది. వెనకవైపు ఖాళీగా ఉండే మందపాటి అట్టలు. కత్తెరతో ముక్కలు చేసి, తమ్ముడి క్లాసు పిల్లల పేర్లు, తోచిన మార్కులు రాసి, వంటింటి గడప దగ్గర నేల మీద పరిచింది. తమ్ముడు ఒక్కో కార్డు తీసి చదవాలి. పిల్ల చేతిలో ఒక కాగితం, దాని మీద "ఇప్పటిదాకా పెద్దది" అని ఒక గడి. మొదట సున్నా. కార్డులో దానికన్నా పెద్ద అంకె వస్తే కొట్టేసి కొత్తది రాయడం. కుప్ప అయిపోయేసరికి గడిలో ఉన్నదే జవాబు. అది సులువుగానే అయింది.

రెండో స్థానం ఎవరిదో కనిపెట్టమన్న దగ్గర చిక్కొచ్చింది. ఇంకో గడి గీసి, పెద్దదానికన్నా తక్కువైనవాటిలో పెద్దది ఆ గడిలో రాస్తూ పోయింది. జవాబు తప్పింది. మళ్లీ చేసింది, మళ్లీ తప్పింది. కార్డులు చదివీ చదివీ విసుగొచ్చిన తమ్ముడే అన్నాడు: "అక్కా, 78 కొట్టేసి 91 రాసినవ్ గదా, మరి ఆ 78 యాడికి పాయె? అది రెండోదాంట్లకు రావాలె గదా." అంతే. కొత్త పెద్దది రాగానే పాత పెద్దది కిందికి దిగాలి. ఆ ఒక్క అడుగు వీడియోలో ఆమె విన్నదే, అయినా అప్పుడు చెవినపడలేదు.

మా అక్క చపాతీ పిండి కలుపుతూ ఇదంతా చూస్తోంది. మర్నాటి నుంచి ఏడు తర్వాత పాలు చూడమనే కేక వినబడలేదు. కార్డులు, కాగితం, కొట్టివేతలు కనబడ్డాయి కాబట్టి అది చదువే అని ఆమెకు రూఢి అయింది. ఏదో ఐఐటీ పేరు చెప్పుకుని ఇంట్లో కూర్చుంటోందన్న బంధువుల మాటకు ఇప్పుడు ఆమే జవాబు చెబుతోంది.

ఇక్కడ ఇంటివాళ్ల సంగతి ఒకటైతే, చదువు సంగతి ఇంకొకటి. కాగితం మీద చేయడం ఇంటివాళ్లకు కనిపించడానికే అనుకోవద్దు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు చిన్న పాఠాన్ని రెండుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారు: చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే. వీడియో చదువులో ఉన్న మోసమంతా ఆ మొదటి అయిదు నిమిషాల్లో ఉంది. సారు చక్కగా చెప్పారు, మనం తలూపాం, అంతా వచ్చేసినట్టే ఉంటుంది. వారం తర్వాత అసైన్‌మెంట్ ముందు కూర్చుంటే గాని తెలియదు. అందుకే వీడియో అవగానే ఫోన్ బోర్లా పెట్టి, విన్నదాంట్లో గుర్తున్నది తెలుగులోనో, ఇంగ్లీషులోనో, రెండూ కలిపో అర పేజీ రాయడం మంచిది. స్టాటిస్టిక్స్ మొదటి వారం పాఠం విని పిల్ల రాసుకున్న వాక్యం చూశాను: "508001 అంకెలే, కానీ రెండు పిన్‌కోడ్‌లు కూడితే అర్థం లేదు, కాబట్టి ఇది కేటగిరీ." నల్లగొండ పిన్‌కోడ్ అది. కేటగిరీ అంటే కూడికకు కాక గుర్తుకు వాడేది. పాఠంలో ఉన్న ఉదాహరణను ఎక్కించుకోకుండా తన ఊరిది తెచ్చుకుంది. ఇక మరిచిపోదు.

ఇంగ్లీషు గురించి చాలా భయం ఉంటుంది తెలుగు మీడియం పిల్లలకు. నాకూ చదువంతా తెలుగు మీడియమే. వీడియో వేగాన్ని 0.75కు తగ్గించి, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే రెండు మూడు వారాల్లో ఆ గొంతుకు అలవాటుపడతాం. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు, అదే ఎన్‌పీటెల్ కోర్సుల్లో కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. ఆ కష్టం భయపడినంత పెద్దది కాదు. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

ఎన్‌పీటెల్ మాట వచ్చింది కాబట్టి ఇంజనీరింగ్ పిల్లలతో నాలుగు మాటలు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఈ కార్యక్రమంలో 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు నడుస్తున్నాయి. 2017లో కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల కోసం స్వయం పోర్టల్ తెచ్చాక అవి అక్కడికి చేరాయి. చేరడానికి, పాఠాలు వినడానికి డబ్బు కట్టనవసరం లేదు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టి సెంటర్‌కు వెళ్లాలి. నేను పరీక్ష రాసినప్పుడు అది వెయ్యి రూపాయలు. కోర్సు మొదలుపెట్టగానే ముందు చదవాల్సింది మార్కుల లెక్క. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో అసైన్‌మెంట్లలో మంచిగా వచ్చిన ఎనిమిదింటినే తీసుకుంటారు. అంటే జ్వరం వచ్చో, పెళ్లికి వెళ్లో ఒక వారం తప్పితే కొంప మునగదు. ఇది తెలియక, ఒక అసైన్‌మెంట్ పోయిందని కోర్సే వదిలేసిన పిల్లల్ని చూశాను. సర్టిఫికెట్‌కు 25లో కనీసం 10, 75లో కనీసం 30 రెండూ రావాలి, ఒకటి ఎక్కువొచ్చినా ఇంకోదాని లోటు తీరదు.

ఆ చివరి వాక్యం దగ్గరే టెలిగ్రామ్ గ్రూపుల కథ ఉంది. అసైన్‌మెంట్ గడువు ముందు రోజు సాయంత్రానికల్లా జవాబులన్నీ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో ప్రత్యక్షమవుతాయి. అవి చూసి నొక్కేస్తే 25కు 24 వస్తాయి. చాలామంది ఇలాగే మొదటి వారం నుంచి చివరి వారం దాకా లాగిస్తారు. ఆ తర్వాత పరీక్ష హాల్లో మూడు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుంటే, 30 మార్కుల గీత దాటడం గగనమవుతుంది. ఇది నైతికంగా తప్పా ఒప్పా అన్న చర్చలోకి నేను దిగను. లెక్కగా చూసినా గిట్టుబాటు కాదు. పాతిక మార్కుల కోసం డెబ్బయ్యైదింటికి కావాల్సిన సాధన మొత్తం వదులుకున్నట్టు.

కానీ తప్పంతా పిల్లలదే అంటే మాత్రం ఒప్పుకోను. చాలా కాలేజీల్లో ఎన్‌పీటెల్ కోర్సును పిల్లలు ఎంచుకోరు, కాలేజీ అంటగడుతుంది. యూజీసీ 2016లో ఒక ప్రోగ్రాంలో 20 శాతం వరకు క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కపెట్టే పాయింట్లు, స్వయం కోర్సుల నుంచి తీసుకోవచ్చంది, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. మంచి ఉద్దేశమే. కాలేజీలకు అది సర్టిఫికెట్ల సంఖ్య అయింది. క్లాసుకు ఇంతమంది రిజిస్టర్ అవ్వాలి అంటారు. టైమ్‌టేబుల్‌లో దానికి ఒక్క పీరియడ్ కూడా ఇవ్వరు. పొద్దున ఏడింటికి బస్సెక్కి, సాయంత్రం ఆరింటికి దిగే పిల్లవాడు రాత్రి పదకొండుకు ఎన్‌పీటెల్ వీడియో చూసి నోట్సు రాస్తాడని ఏ నమ్మకంతో అనుకుంటారో నాకు తెలియదు. వాడు టెలిగ్రామ్‌కే పోతాడు. వారానికి రెండు పీరియడ్లు ల్యాబు తెరిచి, చేరిన పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి, పాఠం అక్కడి నుంచి వస్తున్నా సందేహాలు అడగడానికి ఒక లెక్చరర్ ఇక్కడ ఉంటే సగం సమస్య ఉండదు. లెక్చరర్‌కు ఆ సబ్జెక్టు పూర్తిగా రానవసరం కూడా లేదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదు. మన దగ్గర నలభై ఏళ్ల క్రితమే తెలిసిన సంగతి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) 1982లో ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది, 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారు. 1985లో ఢిల్లీలో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో పెట్టినప్పుడు దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా కూడా ఆయన్నే తీసుకున్నారు. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగేవాళ్లు. పుస్తకాలు ఇస్తారు, రేడియోలో, టీవీలో పాఠాలు వస్తాయి. అవి చాలనుకుంటే అక్కడితో ఆపేవాళ్లే. ఆపకుండా ఊరూరా ప్రభుత్వ కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టి ఆదివారం క్లాసులు నడిపారు.

నా డిగ్రీ అక్కడే. ఉద్యోగం చేస్తూ చదివాను. ఆదివారం పొద్దున క్లాసులో మాతోపాటు ఒక కానిస్టేబుల్, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, బట్టల షాపులో పనిచేసే కుర్రాడు, ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ. కొందరు లెక్చరర్లు అద్భుతంగా చెప్పేవాళ్లు, కొందరు పుస్తకం తెరిచి చదివేసి పోయేవాళ్లు. అయినా మేం మానలేదు. మధ్యాహ్నం వరండాలో టిఫిన్ డబ్బాలు విప్పుకుని "మీరు ఏ యూనిట్ దాకా చదివారు" అని ఒకరినొకరు అడిగేవాళ్లం. ఆ ప్రశ్న కోసం శనివారం రాత్రి పుస్తకం తెరిచేవాళ్లం. పిల్లల తల్లి ఇంట్లో మాత్రం పెద్ద రభస అయ్యేది, ఆదివారం పూట కూడా ఇంట్లో ఉండదా అని. ఆవిడ చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "క్లాసుకు పోతున్న అని చీర మార్చుకొని బయటపడితేనే నాకు ఆ మూడు గంటలు దొరుకుతయి. ఇంట్ల కూసొని చదువుకుంట అంటే మూడు నిమిషాలు గుడ దొరకయి."

ఆవిడ మాటకు అమెరికా లెక్కలు కూడా కొంత సాక్ష్యం పలుకుతాయి. ఎంఐటీ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలు ఎడ్ఎక్స్ వేదిక మీద నడిపిన కోర్సుల్లో 2012 నుంచి 2018 దాకా ఏం జరిగిందో ఇద్దరు పరిశోధకులు లెక్కతీసి 2019లో సైన్స్ పత్రికలో వేశారు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగానికి పైగా అసలు పాఠాల పేజీ కూడా తెరవలేదు. 2017-18లో చేరినవాళ్లు మొత్తం మీద పూర్తిచేసింది సుమారు 3 శాతం. డబ్బు కట్టి సర్టిఫికెట్ దారిలో చేరినవాళ్లలో మాత్రం 46 శాతం. ఫీజు కడితే చదువు వస్తుందని దీన్నిబట్టి చెప్పలేం. గట్టిగా అనుకున్నవాళ్లే కడతారు గనక. అయినా కట్టినవాళ్లలోనూ సగం మందికి పైగా మధ్యలో ఆగారన్నది గమనించాలి. డబ్బు పోతుందన్న బాధ కూడా వాళ్లను పట్టి ఉంచలేకపోయింది. ఒంటరి చదువు అంత కష్టం.

కాబట్టి పక్కవాణ్ని వెతుక్కోవడం కూడా మొదటి వారం పనుల్లోదే. వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపు అందుకు పనికిరాదు. అందులో గుడ్ మార్నింగ్‌లూ, "ఆన్సర్ కీ ఎవరి దగ్గరైనా ఉందా" అనే మెసేజీలూ తప్ప ఏమీ ఉండవు. ఇద్దరో ముగ్గురో చాలు, ఒకే కోర్సు, ఒకే వారం, పేరు పెట్టి పిలుచుకునేవాళ్లు. మా పిల్లకు మిర్యాలగూడ అమ్మాయి ఒకతె లైవ్ క్లాసులో పరిచయమైంది. శుక్రవారం రాత్రి ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని ఒకరు గణితం, ఒకరు స్టాటిస్టిక్స్ చెప్పుకునేవాళ్లు. ఆ ఫోన్లకు కూడా మొదట్లో ఇంట్లో అనుమానమే. "ఎవరితోని అంతసేపు?" అని బావ అడిగితే స్పీకర్ ఆన్ చేసింది. సరళరేఖ సమీకరణాల గురించి పావుగంట విన్నాక ఆయనే లేచి వెళ్లిపోయాడు.

క్వాలిఫయర్ రాయడానికి హైదరాబాద్ వెళ్లారిద్దరూ, తోడుగా మా అక్క వెళ్లింది. సెంటర్ బయట చెట్టు కింద కూర్చున్న తల్లిదండ్రులతోపాటు, లోపల పరీక్ష రాస్తున్నవాళ్లలో కొందరి పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్న తాతలూ ఉన్నారట. నలభై ఏళ్ల ఆయన ఆఫీసు బ్యాగుతో వచ్చి హాల్‌టికెట్ వెతుక్కుంటున్నాడట. వచ్చాక మా అక్క పరీక్ష ఎలా రాసిందన్నది పక్కన పెట్టి వీళ్ల గురించే చెప్పింది చాలాసేపు.

మొన్న ఫలితాలొచ్చాయి, ఇద్దరూ పాసయ్యారు. వచ్చిన స్కోరును బట్టి మొదటి టర్మ్‌లో నాలుగు సబ్జెక్టుల దాకా తీసుకోవచ్చన్నారు మా పిల్లకు. రెండే తీసుకుంటానంటోంది. "నాలుగు ఇస్తమంటే రెండెందుకు?" అని ఇప్పుడు మా అక్క గొడవ. "బీకాం సెమిస్టర్ పరీక్షలు కూడా అప్పుడే ఉన్నయమ్మా, ఏడు నుంచి తొమ్మిదిల రెండే పడతయి" అంటుంది పిల్ల. ఫీజు సబ్జెక్టుకింత అని ఉంటుంది కాబట్టి తక్కువ తీసుకుంటే డబ్బేమీ పోదు, ఆ లెక్క సరైనదే. ఇంగ్లీషు ఒక్కటి కలుపుకుంటే భారం పెద్దగా ఉండదని నా అభిప్రాయం. ఇంకోసారి చెప్పి చూస్తాను. ల్యాప్‌టాప్ విషయం కూడా తేల్చాలి, పైథాన్ సబ్జెక్టు వచ్చేసరికి ఫోన్ సరిపోదు. సెకండ్‌హ్యాండ్‌ది చూడమని బావకు చెప్పాను. ఎన్ని వేలవుతుందని అడిగాడే గాని, ఎందుకని అడగలేదు.